నెట్ నెమ్మదిస్తే ముందు మేడ మీద చూడండి

పోయిన వేసవిలో తెనాలి నుంచి మా వదిన ఫోన్ చేసింది. ఆవిడ ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తుంది. సాయంత్రం ఆరింటికి షిఫ్టు మొదలైతే అర్ధరాత్రి దాటాకే లేవడం. "అక్షరం కొడితే సెకను తర్వాత గానీ తెర మీద పడట్లేదు. టీమ్ కాల్‌లో నా మాట ముక్కలు ముక్కలుగా వినపడుతోందట. మా లీడ్ ఇప్పటికే రెండుసార్లు అడిగింది. ఈ నెట్టువాళ్ళే కావాలని స్పీడు నొక్కేస్తున్నారు" అంది. అప్పటికే కేబుల్ ఆఫీసుతో గొడవ కూడా పడింది. లైన్‌మ్యాన్ వచ్చి, రౌటర్ ఒకసారి ఆపి వేసి, స్పీడ్ టెస్ట్ చూపించి "చూడండమ్మా, యాభై వస్తోంది" అని వెళ్ళిపోయాడు. అతను చూసింది పొద్దున్న పదకొండింటికి. ఆవిడకు ఇబ్బంది మొదలయ్యేది సాయంత్రం ఆరు దాటాక.

ఒక శనివారం వెళ్ళాను. నా ల్యాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కి కలిపి పింగ్ పెట్టి కూర్చున్నాను. పింగ్ అంటే మన దగ్గర నుంచి ఒక చిన్న పలకరింపు వెళ్ళి, జవాబు తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెప్పే పరీక్ష. 9, 11, 10, 12 అని హాయిగా నడుస్తోంది. ఆరున్నర దాటగానే 480, 620, 710. మధ్యమధ్యలో జవాబే లేదు. సరిగ్గా అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన మా అన్నకొడుకు మేడ మీద తన కంప్యూటర్ వేశాడు.

పైకి వెళ్ళి చూస్తే టొరెంట్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంది. "డౌన్‌లోడ్ ఏమీ లేదు బాబాయ్, అన్నీ ఎప్పుడో అయిపోయాయి" అన్నాడు. వాడు చెప్పింది నిజమే, డౌన్‌లోడ్ దగ్గర సున్నా ఉంది. పక్కన అప్‌లోడ్ దగ్గర మాత్రం సెకనుకు 2,300 కిలోబైట్లు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి ఎనిమిదితో గుణిస్తే దాదాపు 18 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 18 మెగాబిట్లు. వాళ్ళ ప్లాన్‌లో ఇంటి నుంచి బయటికి వెళ్ళే దారి మొత్తం 20. అన్నీ పాజ్ చేయించాను. పది సెకన్లలో కింద పింగ్ మళ్ళీ 11కి దిగింది.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళలో చాలామందికి ఇదే జరుగుతోంది, కానీ అనుమానం మాత్రం నెట్ కంపెనీ మీదికి పోతుంది. అందుకే టొరెంట్ ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెప్పాలి. 2001లో బ్రామ్ కోహెన్ రాసిన బిట్‌టొరెంట్ పద్ధతిలో ఫైలు ఒకే చోట నుంచి రాదు. ముక్కలుగా, అప్పటికే దాన్ని తెచ్చుకున్నవాళ్ళ కంప్యూటర్ల నుంచి వస్తుంది. మనకు ముక్క అందిన క్షణం నుంచి మనమూ మరొకరికి పంపుతూ ఉంటాం. పూర్తయ్యాక కూడా మనం ఆపేదాకా సాఫ్ట్‌వేర్ పంపుతూనే ఉంటుంది. దాన్నే సీడింగ్ అంటారు. అప్‌లోడ్‌కు హద్దు పెట్టకపోతే ఉన్న దారంతా తనే తీసుకుంటుంది.

అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ ఎందుకు కుంటుతుందని మా వదిన అడిగింది. మనం ఏది తెచ్చుకున్నా, "ముక్క అందింది, తర్వాతది పంపు" అనే చిన్న జవాబులు మన ఇంటి నుంచి బయటికి వెళుతుండాలి. ఇరుకు సందులో ఇసుక ట్రాక్టర్లు బారులు తీరితే వెనక ఉన్న సైకిలు కూడా కదలదు. ఆ జవాబులూ, మీ గొంతూ, మీరు కొట్టే అక్షరాలూ అన్నీ ఆ సైకిళ్ళే. ట్రాక్టర్లను తీసేయనక్కరలేదు, వరుసలో కొంత ఖాళీ ఉంచితే చాలు.

కాబట్టి మొదటి పని. ఇంట్లో టొరెంట్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అప్‌లోడ్ పరిమితి పెట్టండి. మీ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే 5కు మించనివ్వకండి. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. స్పీడ్ టెస్ట్ చూపేది బిట్లలో, టొరెంట్ సాఫ్ట్‌వేర్ అడిగేది కిలోబైట్లలో. 5 ఎంబీపీఎస్ కావాలంటే అక్కడ సుమారు 600 అని వేయాలి. కనెక్షన్ల సంఖ్య కూడా చూడండి. క్యూబిట్‌టొరెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో అది మామూలుగా 500 ఉంటుంది. కేబుల్ ఆఫీసువాళ్ళు ఇచ్చే చిన్న రౌటర్లు అన్నిటిని మోయలేక ఉక్కిరిబిక్కిరవుతాయి, 100కు దించండి. షిఫ్టు గంటల్లో దానంతట అదే తగ్గేలా సమయం పెట్టే వీలు కూడా అందులోనే ఉంది.

ఇంట్లో టొరెంటే లేదంటారా? విండోస్ 10 వచ్చినప్పటి నుంచి అప్‌డేట్‌లను ఇతర కంప్యూటర్లతో పంచుకునే ఏర్పాటు విండోస్‌లోనే ఉంది. పేరు డెలివరీ ఆప్టిమైజేషన్. విండోస్ అప్‌డేట్ కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కనిపిస్తుంది. ఇంట్లోని కంప్యూటర్లకే పరిమితం చేసిందా, బయట ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లకూ పంచుతోందా అన్నది ఒకసారి చూసుకోండి. ఫోన్లలోని ఫొటోలు రాత్రి పూట క్లౌడ్‌కు ఎక్కడం కూడా ఇదే అప్‌లోడ్ దారిని వాడుకుంటుంది.

అలాగని నెట్ కంపెనీలు ఎప్పుడూ తప్పు చేయవని కాదు. 2007లో అమెరికాలో రాబ్ టొపోల్‌స్కీ అనే నెట్‌వర్క్ నిపుణుడు, కాపీరైట్ గడువు తీరిన పాత బార్బర్‌షాప్ బృందగానాల రికార్డింగులను టొరెంట్ ద్వారా పంచుకోబోయాడు. ఎంతకీ వెళ్ళలేదు. తన లైన్ మీద వచ్చీపోయే డేటాను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే అసలు విషయం బయటపడింది. అతని నెట్ కంపెనీ కామ్‌కాస్ట్, రెండు కంప్యూటర్ల మధ్యలో దూరి, అవతలివాడే కనెక్షన్ తెంచుకున్నట్టు దొంగ సందేశాలు పంపుతోంది. పోస్ట్‌మన్ ఉత్తరం ఇవ్వకుండా, "చిరునామాదారు లేరు" అని తానే రాసి వెనక్కి పంపినట్టు. ఆ ఏడాది అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బైబిల్ ఫైలును పంచి చూసి అదే తేల్చింది. 2008 ఆగస్టులో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ కామ్‌కాస్ట్‌ను తప్పుపట్టింది. 2010 ఏప్రిల్‌లో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది, కమిషన్‌కు ఆ అధికారం లేదంది. కానీ కంపెనీ చేసిన పని మాత్రం లోకానికి తెలిసిపోయింది. టొపోల్‌స్కీ నెట్ నెమ్మదిగా ఉందని ఊరికే వాదించలేదు, రుజువులు సేకరించాడు. మనం నేర్చుకోవాల్సింది ఆ పద్ధతే.

మన దేశంలో ఈ విషయంలో నియమాలు గట్టిగానే ఉన్నాయి. 2017 నవంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన సిఫార్సులను 2018 జులైలో టెలికాం శాఖ ఆమోదించింది. వాటి ప్రకారం, ఒక రకం కంటెంటును ఎంచుకుని ఆపడం, నెమ్మదింపజేయడం కుదరదు. నెట్‌వర్క్ నిర్వహణకు తగినంత మేరకు చేసే సర్దుబాట్లకు మాత్రం మినహాయింపు ఉంది. పైరసీ సైటు తెరుచుకోకపోవడం ఇందులోకి రాదు. అలాంటి సైట్లను కోర్టు ఉత్తర్వులతో ఆపుతారు, దాని మీద ఫిర్యాదు చేసి ప్రయోజనం లేదు.

కంపెనీ కావాలని నొక్కడం కంటే ఎక్కువమందికి ఎదురయ్యేది కోటా. అన్‌లిమిటెడ్ అని అమ్మే ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి చిన్న అక్షరాల్లో నెలకు 3,300 జీబీ అని ఒక గీత ఉంటుంది. అది దాటితే స్పీడు పడిపోతుంది. అంత ఎవరు వాడతారు అనిపిస్తుంది. అప్‌లోడ్‌ను కూడా లెక్కలోకి తీసుకునే ప్లాన్ అయితే, 10 ఎంబీపీఎస్ చొప్పున సీడింగ్ ఆగకుండా నడిస్తే రోజుకు 108 జీబీ, ముప్పై రోజులకు 3,240. ఎవరూ ఏమీ చూడకుండానే కోటా దాదాపు ఖాళీ. ఆ తర్వాత 100 ఎంబీపీఎస్ కాస్తా 2కు దిగితే, పావుగంటలో రావలసిన 10 జీబీ ఫైలుకు పదకొండు గంటలు పడుతుంది. వీడియో ఎడిటింగ్ చేసి క్లయింటుకు పంపేవాళ్ళకు ఇది జీతం మీద దెబ్బ. కోటా ఎంత, దాటాక స్పీడు ఎంత అన్నది కంపెనీ ముందే స్పష్టంగా చెప్పాలని 2016లో ట్రాయ్ ఆదేశించింది. ప్లాన్ కాగితం తీసి ఆ రెండు అంకెలూ రాసుకోండి. మూడోది, అప్‌లోడ్ లెక్కలోకి వస్తుందా అన్నది, ఫోన్ చేసి అడగండి.

ఇల్లు సర్దుకున్నారు, కోటా మిగిలే ఉంది, అయినా టొరెంట్ కదలట్లేదు, కంపెనీ నొక్కేస్తోందని అనుమానం. అప్పుడు ఇలా చూడండి. ఉబుంటు, డెబియన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సంస్థలు ఒకే ఫైలును నేరుగానూ, టొరెంట్‌గానూ ఇస్తాయి. చట్టబద్ధం, పంచేవాళ్ళూ చాలామంది ఉంటారు. వైఫై కాకుండా తీగతో కలిపి, ఒకే గంటలో ముందు నేరుగా, తర్వాత టొరెంట్‌గా తెచ్చుకుని స్పీడు రాయండి. పొద్దున్నొకసారి, రాత్రి తొమ్మిదింటికొకసారి, మూడు రోజులు. రెండూ రాత్రి మాత్రమే తగ్గితే అది రద్దీ. ఫైబర్‌లో ఒక తీగను మామూలుగా 32 లేదా 64 ఇళ్ళు పంచుకుంటాయి, అందరూ ఒకేసారి సినిమా పెడితే అంతే. నేరుగా వచ్చేది నిండుగా ఉండి, టొరెంట్ మాత్రమే పొద్దున్నా రాత్రీ కుంటితే అనుమానానికి ఆధారం ఉంది.

అప్పుడైనా ఒకటి చూడాలి. రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే, మీ కంపెనీ ఒకే చిరునామాను ఎన్నో ఇళ్ళకు పంచుతోందని అర్థం. బయటివాళ్ళు మీ కంప్యూటర్‌ను తమంతట తాము చేరలేరు, పంచేవాళ్ళు తక్కువ ఉన్న ఫైళ్ళు నత్తనడకన వస్తాయి. అది స్పీడు నొక్కడం కాదు. ఇదంతా చూశాక సొంత వీపీఎన్, అంటే మన డేటా ఏ రకమో నెట్ కంపెనీకి తెలియకుండా దాచి పంపే సాఫ్ట్‌వేర్, వేసి మళ్ళీ కొలవండి. వీపీఎన్‌లో ప్రతిసారీ టొరెంట్ లేచి, తీసేస్తే ప్రతిసారీ పడిపోతుంటే, ఫిర్యాదుకు మీ చేతిలో సరుకు ఉన్నట్టే.

ఈ పరీక్షకు ఆఫీసు ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దు. ఆఫీసు వీపీఎన్ అసలే వద్దు. 2007లో ఫైజర్ కంపెనీ ఉద్యోగి ఇంట్లో ఒకరు, ఆ ఉద్యోగి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నారు. దాని వల్ల దాదాపు 17,000 మంది పాత, కొత్త ఉద్యోగుల వివరాలు బయటికి పొక్కాయి. వేసింది ఇంట్లోవాళ్ళే అయినా ఆ ల్యాప్‌టాప్‌కు జవాబుదారీ ఉద్యోగే. మా వదిన ముందు ఉండేవి రోగుల వివరాలు. అవి బయటపడితే సంజాయిషీ చెప్పుకోవడానికి కూడా సమయం ఇవ్వరు. అందుకే వాళ్ళింట్లో ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నారు, ఆ ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసేది ఆవిడ ఒక్కతే.

సినిమాల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. టొరెంట్‌లో సినిమా తెచ్చుకోవడం అంటే అదే సమయంలో పంచిపెట్టడం కూడా. మన కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. జర్మనీకి చదువుకో ఉద్యోగానికో వెళ్ళే మన పిల్లలకు మరీ జాగ్రత్తగా చెప్పండి. అక్కడ హక్కుదారుల లాయర్లు టొరెంట్‌లో కనబడిన చిరునామా పట్టుకుని వందల యూరోలు కట్టమని నోటీసు పంపుతారు. అద్దె గదిలో వైఫై ఎవరి పేరున ఉంటే నోటీసు వాళ్ళకే వస్తుంది.

ఫిర్యాదు ఎలా చేయాలంటే, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, తీసుకోకుండా ఫోన్ పెట్టకండి. ఆ నంబరు లేకపోతే మీరు ఫిర్యాదు చేసినట్టే కాదు. జవాబు నచ్చకపోతే ముప్పై రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయండి. రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలని ట్రాయ్ 2012 నిబంధనలు చెబుతున్నాయి. అక్కడా తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం ఫిర్యాదులను అక్కడ వినవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. "చాలా స్లోగా ఉందండీ" అని చెబితే ఎవరూ పట్టించుకోరు. తేదీ, సమయం, తీగతో కలిపిన స్పీడు, పింగ్, ఆ గంటలో ఇంట్లో ఇంకేం నడుస్తున్నాయో రాసిన కాగితం చూపితే మాట మారుతుంది.

మా వదిన రౌటర్ పక్కన ఒక పాత నోటుపుస్తకం పెట్టింది. వానాకాలంలో కాల్స్ మళ్ళీ తెగడం మొదలైంది. ఈసారి మేడ మీద కంప్యూటర్ ఆపే ఉంది. పదకొండు రోజులు రాసింది. లైన్‌మ్యాన్ వచ్చి గుమ్మంలో నిలబడే ఆ పేజీ చదివాడు. "అన్నీ వాన పడ్డ రోజులేనమ్మా" అని, లోపలికి కూడా రాకుండా, మీటర్ తీసుకుని నేరుగా వీధి చివరి స్తంభం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ జాయింటు పెట్టెలో నీళ్ళు నిలిచి ఉన్నాయి.