చింతగింజలతో స్పానిష్ పాఠం

‘పెరో’ అంటే కానీ. ‘పెర్రో’ అంటే కుక్క. స్పానిష్‌లో ఈ రెండు మాటలకూ తేడా ‘ర’ను ఎంత ఒత్తి పలుకుతామన్నదే. ఇంగ్లిష్ మాతృభాషగా పెరిగినవాళ్లలో చాలామందికి ఆ ‘ర్ర’ ఒక పట్టాన నోరు తిరగదు. కర్ర, బర్రె, గుర్రం అంటూ మాటలు నేర్చిన మన పిల్లలకు అది ఇట్టే పట్టుబడుతుంది. ‘నాకు మామిడిపండు ఇష్టం’ అనాలంటే స్పానిష్‌లో ‘మె గుస్తా ఎల్ మాంగో’ అంటారు. అక్కడా ‘నేను’ కాదు, మనలాగే ‘నాకు’! నువ్వు, మీరు అన్న తేడా ఉంది: తూ, ఉస్తెద్. ‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను, ‘ఆబ్లాస్’ అంటే మాట్లాడతావు; క్రియ చివర చూస్తే చాలు, ఎవరి సంగతో తెలిసిపోతుంది.

స్పానిష్ టీచర్ కావాలనుకునే తెలుగు విద్యార్థులకు నేను ముందుగా చెప్పేది ఇదే. ఇంగ్లిష్ మీదుగా చుట్టుతిరిగి పోనవసరం లేదు. మీ తెలుగును తరగతిలోకి తీసుకెళ్లండి.

అయిదారేళ్ల పిల్లల ముందు క్రియారూపాల పట్టిక పెడితే పాఠం అక్కడితో ఆగిపోతుంది. వాళ్లు ఒంటితో నేర్చుకుంటారు. 1960లలో అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ ఈ దారినే ఒక బోధన పద్ధతిగా మలిచారు. టీచర్ ‘గెంతు’ అని ఆ భాషలో చెబుతూ తానూ గెంతాలి; పిల్లలు గెంతుతారు. నోరు విప్పమని ఎవరూ తొందరపెట్టరు. ‘సిమోన్ దీసె’ (సిమోన్ చెబుతున్నాడు) ఆట ఇలాంటిదే. ఆ మాట ముందు పెట్టి ఆజ్ఞ ఇస్తేనే చేయాలి, లేకపోతే కదలకూడదు. చెవులు రిక్కించి వినక తప్పదు.

మెక్సికోలో ‘లొతెరీయా’ అనే ఆట ఉంది. మన తంబోలాకు చుట్టం లాంటిది, అంకెల బదులు బొమ్మలుంటాయి. మొత్తం 54 కార్డులు, ఒక్కో పలకపై 16 గళ్లు. పిలిచేవారు కార్డు తీసి పేరు చెబితే, ఆ బొమ్మ ఉన్నవాళ్లు గడిలో గింజ పెడతారు. మీరు ఆవు, కోతి, కొబ్బరికాయ, గొడుగు గీసి సొంత పలకలు చేసుకోవచ్చు. చింతగింజలు సరిపోతాయి.

కొత్త టీచర్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. మొదట్లో నేనూ అంతే. పేర్లన్నీ నేనే పిలిచాను, పిల్లలు గింజలు పెట్టారు, కేరింతలు కొట్టారు. అరగంట గడిచాక చూస్తే ఒక్కరి నోటా ఒక్క స్పానిష్ మాట రాలేదు. ఆ తర్వాత నియమం మార్చాను. పిలిచే పని పిల్లలకే ఇచ్చాను. గింజ పెట్టాలంటే ‘తెంగో లా వాకా’ (నా దగ్గర ఆవు ఉంది) అనాల్సిందే. ఆట గెలవడానికి ఆ భాష అవసరం కాకపోతే అది వినోదమే తప్ప పాఠం కాదు. ఓడినవాళ్లు బయటికి వెళ్లిపోయే ఆటలతోనూ జాగ్రత్త. ముందుగా వెళ్లేది ఎక్కువ సాధన కావలసిన బిడ్డే. ఆ బిడ్డకే తర్వాత పిలిచే పని ఇవ్వండి.

మన పిల్లలకు నిజంగా కష్టమైంది వస్తువుల లింగం. స్పానిష్‌లో బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. గదిలో ఒక గోడకు పుంలింగాన్ని సూచించే ‘ఎల్’, ఎదుటి గోడకు స్త్రీలింగాన్ని సూచించే ‘లా’ అంటించి, మాట వినగానే పరుగెత్తమనండి. ‘మానో’ (చెయ్యి) ‘ఓ’తో ముగిసినా స్త్రీలింగమే. తప్పు గోడ దగ్గరికి పరుగెత్తి నాలుక కరుచుకున్న పిల్ల ఆ మినహాయింపును మరిచిపోదు.

ఇక చదువు సంగతి. హైదరాబాద్‌లోని ఇఫ్లూ, ఢిల్లీలోని జేఎన్‌యూ విశ్వవిద్యాలయాల్లో బీఏ, ఎంఏ స్పానిష్ ఉన్నాయి. స్పానిష్ ప్రావీణ్యానికి గుర్తింపుగా డెలె ధ్రువపత్రాన్ని స్పెయిన్ విద్యాశాఖ తరఫున ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఇస్తుంది. ఢిల్లీలో ఆ సంస్థకు కేంద్రం ఉంది. డెలెలో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు స్థాయిలు, ఒకసారి వస్తే గడువు తీరదు. చిన్నపిల్లలకే కదా, ఏ2 చాలదా అని అడుగుతారు. చాలదు. పాఠ్యపుస్తకంలో లేని మాట అడిగేది చిన్నపిల్లలే. బీ2 వరకైనా చదవండి. ఐబీ, కేంబ్రిడ్జ్ లాంటి అంతర్జాతీయ పాఠ్యక్రమాల్లో స్పానిష్ ఉంది కాబట్టి ఆ బడుల్లో అవకాశాలు వెతకండి; బీఎడ్ తోడైతే బలం. అమెరికా బడుల్లో ఎక్కువమంది చదివే విదేశీ భాష ఇదే. అక్కడి తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పొచ్చు. అక్కడి ప్రభుత్వ బడిలో ఉద్యోగమంటే మాత్రం ఆ రాష్ట్రపు టీచర్ లైసెన్సు కావాలి.

ఉద్యోగానికి వెళ్తే డెమో క్లాస్ అడుగుతారు. దానికి ముందే పక్కింటి పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టుకొని లొతెరీయా ఆడించండి. వారం తర్వాత ఆవు బొమ్మ ఒక్కటే చూపించి, ఏమీ మాట్లాడకుండా ఎదురుచూడండి. ఎందరు ‘వాకా’ అన్నారో, ఎందరు ‘లా వాకా’ అన్నారో రాసి పెట్టుకోండి.