హైపోజియా: నేలలోపలి కాయ

మన అనంతపురపు మెట్టచేలలో పండు వేరుసెనగను మనము బుడ్డలనియు, సెనక్కాయలనియు పిలుతుము. శాస్త్రమున దీని పేరు అరాకిస్ హైపోజియా. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1753లో ఈ నామమును గ్రంథస్థము చేసెను. దీని యర్థము నెరిగినచో సేద్యమునకే లాభమని మేము తలంచుచున్నాము.

గ్రీకు భాషలో ‘హైపో’ యనగా క్రింద, ‘గే’ యనగా భూమి. జియాగ్రఫీ, జియాలజీ యను పేళ్లలో నున్నదియు ఈ ‘గే’ ధాతువే. వాస్తువిద్యలో నేలక్రింద తొలిచిన గదులకు హైపోజియము అని పేరు. మాల్టా ద్వీపమున 1902లో బయల్పడిన హాల్ సఫ్లియేని హైపోజియము 5000 సంవత్సరములకు పూర్వము రాతిని తొలిచి చేసినది. మన పెద్దలు ధాన్యము దాచిన పాతరయు ఆ తెగలోనిదే.

వేరుసెనగ యను పేరు విని కాయ వేరునకు కాయునని కొందరు తలంతురు. అది నిజము కాదు. పువ్వు నేలపైన ఆకు పంగలో పూచి ఒక్క దినములో వాడును. పిదప దానినుండి ఊడ బయలుదేరి, నేలలోనికి దిగి, ఆ చీకటిలో కొన పొంగి కాయ యగును. నేల నందని ఊడ ఎండిపోవును. వేళ్లకుండు బుడిపెలు నత్రజనిని కూర్చునవి. వానికిని కాయలకును సంబంధము లేదు.

కాబట్టి పాతరవలె కాయకును నేలలో చోటు ముందుగా సిద్ధపరుపవలయును. ఇందుకు మూడు విషయములు ముఖ్యము.

మొదటిది, గుంటక పని విత్తిన 45 దినములలోపల ముగియవలెను. ఊడలు దిగిన పిమ్మట చేను కదల్చినచో అవి తెగిపోవును.

రెండవది, కాయకు వలయు సున్నపు సత్తువను వేరు పంపజాలదు. వేరు పీల్చినది ఆకులకు పోవును గాని క్రిందికి మరలి రాదు. కాయ తన చుట్టునున్న మట్టినుండియే దానిని గ్రహించును. కనుక పూత సమయమున, కడపటి గుంటకకు ముందు, ఎకరమునకు 200 కిలోల జిప్సమును సాళ్ల ప్రక్కన వేసి మట్టి కప్పవలెను. లేనిచో తాలుకాయలు హెచ్చును.

మూడవది తడి. మన ప్రాంతపు సగటు వర్షము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. ఊడలు దిగువేళ వాన తప్పినచో ఎఱ్ఱనేల గట్టిపడి ఊడను లోనికి రానీయదు. కుంటలో నీరున్న రైతు ఆ తరుణమున ఒక తడి యిచ్చుట యుక్తము.

జిప్సము పూతవేళకు చేతనుండవలెనన్న, సభ్యులు విత్తుటకు ముందే కలసి తెప్పించుకొనుట మేలు.