రక్తపు చుక్క చెప్పేదెంత?

కిందటేడు మా మేనమామకు కాలేయంలో క్యాన్సరు కణితి తీసేశారు. ఆరు వారాల తర్వాత రక్తపరీక్ష రిపోర్టు నా చేతిలో పెట్టి, "అల్లుడూ, సైన్సు చదువుతున్నావు గదా. నేనింకా ఎన్నాళ్ళుంటానో ఇందులో రాసుంటుందట, చూసి చెప్పరా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆనాడు చెప్పలేకపోయినదాన్ని తర్వాత లైబ్రరీలో కూర్చొని నేర్చుకున్నాను. అదే ఈ వ్యాసం.

కాలేయ క్యాన్సరుకు ఒక ప్రత్యేకత కలదు. చాలామందిలో అది ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో పుట్టదు. హెపటైటిస్ వైరస్, సారా, కొవ్వు మొదలైనవాటివల్ల ఏళ్ళ తరబడి దెబ్బతిని గట్టిపడిన కాలేయంలో పుడుతుంది. కనుక వైద్యం తర్వాత రక్తాన్ని రెండు ప్రశ్నలు అడగాలి. కణితి ఎంత మొండిది? మిగిలిన కాలేయానికి సత్తువ ఎంత? మా రైతుల మాటలో చెప్పాలంటే కలుపు ఒకటి, నేల ఒకటి. కలుపు పీకినా నేలలో సారం లేకపోతే పైరు నిలవదు.

ముందు కలుపు సంగతి. ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే మాంసకృత్తు గర్భస్థ శిశువులో తయారై, పుట్టాక తగ్గిపోతుంది. పెద్దవాళ్ళలో సాధారణంగా మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల లోపే. సోవియట్ యూనియన్‌లో 1963లో అబెలెవ్ బృందం కాలేయ కణితులున్న ఎలుకలలోను, 1964లో టటారినోవ్ మనుషులలోను దీనిని కనుగొన్నారు. కణితిని పూర్తిగా తీసేస్తే ఇది సుమారు ఆరు రోజులకొకసారి సగమవుతుంది. 800 ఉన్నది ఆరేడు వారాలకు 10 లోపుకు రావాలి. రాకపోయినా, దిగి మళ్ళీ ఎక్కినా అనుమానించాలి. 400 దాటితే సాధారణంగా మంచి సూచన కాదు. అయితే సుమారు మూడోవంతు రోగులలో ఇది పెరగనే పెరగదు. కాబట్టి తక్కువగా ఉన్నంత మాత్రాన నిశ్చింత పనికిరాదు.

ఇక నేల సంగతి. ఆల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయమే, బిలిరుబిన్‌ను బయటికి పంపేదీ కాలేయమే. మొదటిది తగ్గి రెండోది పెరిగితే కాలేయం అలసిందన్నమాట. 1973 నాటి చైల్డ్-ప్యూ లెక్కలో పొట్టలో నీరు, మతిమరపు వంటివి కూడా డాక్టరు అంచనా వేయాలి. 2015లో వచ్చిన ఆల్బీ లెక్కకు ఈ రెండే చాలు. లీటరుకు మైక్రోమోల్స్‌లో బిలిరుబిన్ లాగరిథమ్‌ను 0.66తో, లీటరుకు గ్రాములలో ఆల్బుమిన్‌ను 0.085తో గుణించి, మొదటిదాన్నుంచి రెండోది తీసేయాలి. బిలిరుబిన్ 10, ఆల్బుమిన్ 40 అయితే -2.74 వస్తుంది. -2.60 గాని అంతకు తక్కువ గాని అయితే మొదటి శ్రేణి, అంటే మంచిది. ఆల్బుమిన్ 28కి పడితే -1.72, రెండో శ్రేణి. -1.39 దాటితే మూడోది, బలహీనమైనది.

మరి ఇందులో ఆయుర్దాయం రాసి ఉందా? పుస్తకాలలో ఇచ్చే జీవితకాలం మధ్యగతం. అంటే సగంమంది దానిని దాటి బతికినవారే. ఆ అంకె గుంపును గురించి చెబుతుంది గాని, గుంపులోని మనిషిని గురించి తేదీ వేయదు. ఏ వైద్యం తట్టుకోగలడు, ఎంత త్వరగా మళ్ళీ పరీక్షించాలి అన్నదే డాక్టరుకు దానివల్ల తెలిసేది.

మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు మామయ్యతో చెప్పాను. "మామా, ఇందులో తేదీ లేదు. కలుపు తగ్గిందని ఉంది, నేలను కాపాడుకోమని ఉంది. చెప్పిన రోజున పరీక్షకు మాత్రం తప్పకూడదు."

ఆయన రిపోర్టు మడిచి జేబులో పెట్టుకొని, "అయితే ఈ ఏడు కూడా నారు పోయొచ్చన్నమాట" అన్నాడు.