పని లేని ప్రాసెసర్ ఎందుకు నెమ్మదిస్తుంది?

విద్యార్థులారా! మీ పాఠశాలలో విండోస్ కంప్యూటరు ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి, ప్రాసెసర్ వేగాన్ని చూపే అంకెను కాసేపు గమనించండి. ఏ పనీ చెప్పనప్పుడు ఆ అంకె తగ్గుతుంది. ఏదైనా పెద్ద పని అప్పగించగానే పెరుగుతుంది. ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. దీని వెనుక ఉన్న సూత్రం ఏమిటో చూద్దాం.

ప్రాసెసర్‌లో ట్రాన్సిస్టర్లనే చిన్న స్విచ్చులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. భజనలో తాళానికి తగ్గట్టు అందరూ పాడినట్లే, ఇవన్నీ ‘క్లాక్’ వేసే తాళానికి తగ్గట్టు పనిచేస్తాయి. సెకనుకు 300 కోట్ల తాళాలు పడితే క్లాక్ పౌనఃపున్యం 3 గిగాహెర్ట్జ్ అంటాం.

స్విచ్చి స్థితి మారాలంటే అక్కడ కొద్దిపాటి విద్యుదావేశం నిండాలి, లేదా ఖాళీ కావాలి. ఒకసారి నింపి ఖాళీ చేయడానికి అయ్యే శక్తి వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సెకనుకు ఇది ఎక్కువసార్లు జరిగితే అంత ఎక్కువ విద్యుత్తు ఖర్చవుతుంది. అదంతా చివరకు వేడిగా మారుతుంది.

“వేగం సగం చేస్తే అదే పనికి రెట్టింపు సమయం పడుతుంది కదా! ఇక ఆదా ఏముంది?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. వేగం ఒక్కటే తగ్గిస్తే, ఒక పనిలో స్విచ్చులు మారడానికి అయ్యే శక్తి తగ్గదు. అసలు లాభం వోల్టేజి తగ్గించడంలో ఉంది.

అయితే వోల్టేజిని ఎప్పుడూ తక్కువగానే ఉంచకూడదా? ట్యాంకులో నీటిమట్టం తగ్గితే కుళాయి ధార సన్నబడుతుంది, బిందె నిండటానికి ఎక్కువ సేపు పడుతుంది. వోల్టేజి తగ్గితే ట్రాన్సిస్టర్ల దగ్గరా అంతే. ఆవేశం నిండకముందే తర్వాతి తాళం పడితే లెక్క తప్పుతుంది. అందుకే ముందు క్లాక్‌ను నెమ్మది చేసి, ఆ తర్వాత వోల్టేజి తగ్గిస్తారు. పని రాగానే ముందు వోల్టేజి, తర్వాత వేగం పెంచుతారు.

ఒక ఉదాహరణ చూడండి. ఇంటెల్ సంస్థ 2000లో విడుదల చేసిన ఒక ల్యాప్‌టాప్ ప్రాసెసర్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు 650 మెగాహెర్ట్జ్ నుంచి 500కు, 1.6 వోల్టుల నుంచి 1.35కు దిగేది. పౌనఃపున్యం 77 శాతానికి, వోల్టేజి వర్గం 71 శాతానికి తగ్గాయి. రెండింటినీ గుణిస్తే సుమారు 55 శాతం. వేగం నాలుగో వంతు కూడా తగ్గలేదు, విద్యుత్ ఖర్చు మాత్రం దాదాపు సగమైంది!

నేటి ప్రాసెసర్లు పనిభారాన్ని బట్టి సెకనుకు ఎన్నోసార్లు ఇలా మారగలవు. బొత్తిగా పని లేని భాగాలకు క్లాక్‌ను ఆపేస్తాయి. అయినా ట్రాన్సిస్టర్ల గుండా కొంత విద్యుత్తు కారుతూనే ఉంటుంది కనుక, వీలైన చోట సరఫరానే నిలిపేస్తాయి. జేబులోని ఫోను వేడెక్కకుండా రోజంతా పనిచేయడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు మీరే ఒక లెక్క చేయండి. ఒక ప్రాసెసర్ 3 గిగాహెర్ట్జ్, 1.2 వోల్టుల నుంచి 1 గిగాహెర్ట్జ్, 0.8 వోల్టులకు దిగితే, స్విచ్చులకయ్యే ఖర్చు ఎన్నో వంతు అవుతుంది? వోల్టేజిని వర్గం చేయడం మరచిపోకండి!