ఇప్పచెట్టు కింద నిప్పు

మన కొత్తవాడకు ఈశాన్యంగా, గోదావరి ఒడ్డున ఏటూరునాగారం అడవి ఉన్నది. అది ఏడాది పొడవునా పచ్చగా ఉండే వర్షారణ్యం కాదు, ఆకురాల్చే అడవి.

అక్కడి ఇప్పచెట్టు సపోటా కుటుంబానికి చెందినది. రెండింటికీ గాటు పెడితే పాలు కారుతాయి. ఎండలు ముదిరేవేళ ఇప్ప ఆకులు రాల్చి నీటిని పొదుపు చేసుకుంటుంది, అప్పుడే పూస్తుంది. రాత్రివేళ గబ్బిలాలు పరాగసంపర్కం జరుపుతాయి. తెల్లవారేసరికి కండగల తియ్యని పూలు నేల రాలుతాయి. కోయలు వాటిని ఏరి ఎండబెట్టుకుంటారు. గింజల నుండి నూనె తీస్తారు.

పూలు తేలికగా ఏరడానికి కొందరు ముందుగా చెట్టుకింది ఎండుటాకులకు నిప్పు పెడతారు. పెద్దచెట్టుకు మందమైన బెరడే రక్ష. లేతమొలకకు అది లేదు, కాలిపోతుంది. ఏటా ఇలాగే జరిగితే చివరకు ముసలిచెట్లే మిగులుతాయి. వాటి తరువాత?

ఆకులు ఊడ్చినా, చెట్టుకింద వల కట్టినా పూలు దక్కుతాయి, మొలకలూ బతుకుతాయి.