డికాషన్ దిగకపోతే ఓపిక పట్టకండి

ఓపిక పట్టమని సలహా ఇవ్వడం తేలిక. ప్రమోషన్ రాలేదన్నా ఓపికే, చదివింది బుర్రకెక్కడం లేదన్నా ఓపికే. ఈ సలహా ఇచ్చేవాళ్లను ఒక్కసారి కాఫీ ఫిల్టరు ముందు కూర్చోబెట్టాలి. పావుగంటలో దిగాల్సిన డికాషన్ గంటైనా దిగలేదంటే, మీరెంత ఓపిగ్గా చూసినా అది దిగదు. పొడి మరీ మెత్తగా ఉండి ఉంటుంది, లేదా బిళ్లతో గట్టిగా అదిమేసి ఉంటారు, లేదా పైగిన్నె చిల్లులు పూడిపోయి ఉంటాయి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే చిల్లుల సంగతి తెలిసిపోతుంది. పోసిన నీళ్లు పోసినట్టే జారిపోయి డికాషన్ పలచగా వస్తే దానికి వ్యతిరేకం: పొడి బరకగా ఉంది, లేదా వదులుగా ఉంది. ఇక్కడా ఓపికతో పని లేదు. కారణం వెతకాలి.

వెతకడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఒకసారికి ఒకటే మార్చండి. పొడి మార్చి, నీళ్లు తగ్గించి, పాలు కూడా వేరేవి పోసి, ‘ఇవాళ భలే కుదిరింది’ అంటే దేనివల్ల కుదిరిందో మీకు తెలియదు. రేపు మళ్లీ కుదరదు. తెల్లవారుజామున లేవడం, నడక, చక్కెర మానేయడం, ఇంగ్లిష్ నేర్చుకోవడం అన్నీ జనవరి 1నే మొదలుపెట్టేవాళ్లకు సంక్రాంతి నాటికి ఏదీ మిగలకపోవడానికి కారణం ఇదే.

ముందు ఒక కొలత ఖాయం చేసుకోండి. ఇద్దరికి 20 గ్రాముల పొడి, 120 మిల్లీలీటర్ల నీళ్లు. పైగిన్నెలో పొడి వేసి చదును చేయండి, బిళ్ల పెట్టి తేలిగ్గా అదమండి. నీళ్లు మరిగాక దించి అర నిమిషం ఆగండి. ముందు పొడి తడిసేంత మటుకే పోయండి. తాజాగా వేయించిన గింజల్లో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. వేడినీళ్లు తగలగానే అది బుడగలు కట్టుకుంటూ బయటికొస్తుంది. అది పోయాకే నీళ్లు పొడిలోకి సమంగా ఇంకుతాయి. అందుకే ఇంకో అర నిమిషం ఆగి మిగతా నీళ్లు పోసి, మూత పెట్టి, మీ పని మీరు చూసుకోండి. మూత తీసి తీసి చూస్తే వేడి పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. పిల్లల పరీక్షల రోజుల్లో తల్లిదండ్రులకు ఈ మూత గుర్తొస్తే మంచిది. డికాషన్‌ను మాత్రం పొయ్యి మీద మరిగించకండి, చేదెక్కుతుంది. పాలు పొంగించి అందులో కలపండి.

ఇంత చేసినా రుచి రాలేదా? మీ చేతిని తిట్టుకోకముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి, చికోరీ ఎంత కలిపారో చూడండి. చికోరీ కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరు. వేయించి పొడి చేసి కలుపుతారు. డికాషన్‌కు రంగు, చిక్కదనం ఇస్తుంది, అందులో కెఫీన్ ఉండదు. మన దేశపు నిబంధన ప్రకారం ఈ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే సగానికి కాస్త తక్కువ చికోరీ ఉన్నా అది చట్టబద్ధమే! చికోరీ పేరెత్తితే మొహం చిట్లించేవాళ్లతో నాకు ఏకీభావం లేదు, 80-20 నాకు ఇష్టం. ఎంత ఉందో తెలియకుండా తాగడంతోనే పేచీ.

ఇక చల్లటి పద్ధతి. ఇక్కడ వేడి చేసే పనిని కాలం చేస్తుంది. బొంబాయి రవ్వంత బరకగా ఆడించిన పొడి 100 గ్రాములు, చల్లటి నీళ్లు 800 మిల్లీలీటర్లు. మూతపెట్టి ఫ్రిజ్‌లో 12 నుంచి 16 గంటలు ఉంచి, పలచటి గుడ్డలో వడకట్టండి. చిక్కగా వస్తుంది కాబట్టి నీళ్లో పాలో కలుపుకుని తాగండి. పులుపు, చేదు తగ్గి నున్నగా ఉంటుంది. ముక్కుకు కొట్టే ఆ ఘుమఘుమ మాత్రం వేడినీళ్లకే సాధ్యం. ఒకటి ఇచ్చేది రెండోది ఇవ్వదు. పనులూ ఇలా రెండు రకాలు. రాజీనామా ఉత్తరం చల్లటి పద్ధతిలో రాయాలి, క్షమాపణ వేడి మీదే చెప్పాలి. మనవాళ్లలో చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు.

కాగితపు ఫిల్టరు కథ కూడా ఓపిక పట్టనివాళ్లదే. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్స్ అనే గృహిణికి కప్పు అడుగున మిగిలే మడ్డి అంటే విసుగు. అది అడుగుకు దిగేదాకా ఆగుదాం అనుకోలేదావిడ. ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, కొడుకు నోటు పుస్తకంలోని అద్దుడు కాగితం అందులో పరిచి కాఫీ వడకట్టింది. అదే ఏడాది పేటెంట్ తీసుకుని, ఇంటి నుంచే వ్యాపారం మొదలుపెట్టింది. ఆ కంపెనీ ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. విసుగును అణచుకోవడమే మంచి గుణమని మనకు నేర్పినవాళ్లు ఈ సంగతి ఎందుకు చెప్పరో!

పొడి ఒకేసారి కిలో కొనకండి, ఆడించిన పొడి వాసన త్వరగా పోతుంది. 100 గ్రాములు కొనండి, వీలైతే కళ్లముందే ఆడించుకోండి. చల్లటి కాఫీకైతే చికోరీ కలపని అరకు అరబికా ప్రయత్నించండి. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బస్సు అందుకోవాల్సిన రోజున ఇన్‌స్టంట్ కలుపుకోండి, ఏ పాపమూ అంటదు. అది రోజూ జరుగుతోందంటే, పడుకునే ముందే డికాషన్ వేసి పెట్టుకోండి. పొద్దున్న పాలు కాచుకుంటే సరిపోతుంది.