స్విచ్ పెట్టెలోని దోషములు – వాటి నిర్ధారణ

హకీము నాడి చూడక మందు ఇవ్వడు. కాని విద్యుత్ పంపిణీ పెట్టె విషయమున మనలో పెక్కుమంది నాడి చూచుట మాని మందుతోనే ప్రారంభింతురు. ఫ్యూజు పోయినది, తీగ చుట్టుదురు. మరల పోయినది, ఇంకొక పోగు చేర్చుదురు. మూడవసారి పోయినచో, ఇక ఎన్నటికిని పోకుండునంత లావు రాగితీగ బిగింతురు. దీపము వెలిగినది గనుక రోగము కుదిరినదని తృప్తి! ఇక ఆ సర్క్యూట్‌లో ముందుగా కాలవలసినది గోడలోని తీగయే.

ఫ్యూజు పోవుట రోగము కాదు, రోగలక్షణము. అది పోయిన తీరును బట్టియే కారణమును చాలవరకు ఊహింపవచ్చును. స్విచ్ వేసిన మరుక్షణమే పోయి, పింగాణీపై నల్లని మసియు, రాగి చిమ్మిన మచ్చలును కనిపించినచో షార్ట్ సర్క్యూట్ అని అనుమానింపవలెను. కొంతసేపు పనిచేసిన పిదప తీగ నడుమ కరిగి తెగినచో అధికభారము. మర వద్దనే తెగినచో బిగింపు చాలలేదన్నమాట. ఎమ్‌సీబీలకును ఇదే న్యాయము: షార్ట్ అయినచో తక్షణమే పడును, భారము మించినచో కొంత వ్యవధి తీసికొని పడును.

అయితే ఫ్యూజు పసికట్టలేని దోషము ఒకటి కలదు. అది వదులు జాయింటు. మా అభిప్రాయమున పంపిణీ పెట్టెలు కాలుటకు ఇంతకంటె కపటమైన కారణము లేదు. జాయింటు వద్ద నిరోధము 0.1 ఓమ్ మాత్రమే అనుకొందము. దానిగుండా 20 ఆంపియర్లు ప్రవహించినచో అచ్చట 40 వాట్ల వేడి పుట్టును. ప్రయోగశాలలోని చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను పెట్టెలో మూసియుంచినట్లే! కరెంటు పరిమితి మించలేదు గనుక ఫ్యూజు కదలదు. వేడికి లోహము తుప్పు పట్టును, నిరోధము పెరుగును, వేడి మరింత హెచ్చును. అల్యూమినియం తీగకు ఈ బెడద అధికము. అది మెత్తని లోహము. మర క్రింద నలిగి క్రమముగా వదులగును. కమురు వాసన, రంగు మారిన ఇన్సులేషన్, మిణుకుమను దీపములు దీని ఆనవాళ్ళు.

న్యూట్రల్ సంగతి మరింత భయంకరము. ప్లగ్ రెండు రంధ్రములలోను టెస్టరు వెలుగుచు, దీపము మాత్రము వెలగనిచో న్యూట్రల్ తెగినదని అనుమానింపవలెను. మూడు ఫేజుల పెట్టెలో ప్రధాన న్యూట్రల్ ఊడినచో వేరువేరు ఫేజులపై నున్న గదులు 400 వోల్టుల మధ్య వరుసగా కలిసిపోవును. ఒక గదిలో 100 వాట్ల బల్బు, వేరొక ఫేజుపై 1000 వాట్ల హీటరు ఉన్నవనుకొన్నచో, 230 వోల్టులకు తయారైన బల్బుపై సుమారు 364 వోల్టులు పడును. హీటరుకు మిగులునది 36. ఒక గదిలో పరికరములు మాడుట, పక్క గదిలో దీపములు మందగించుట ఒకేసారి జరిగినచో మెయిన్ వెంటనే కట్టివేయవలెను. న్యూట్రల్‌లో ఫ్యూజు ఉంచరాదను నియమమునకు కారణమిదే.

పరీక్షకు పూనుకొనువారు మెయిన్ కట్టి, ఫ్యూజు పిడిని తీసి తమ జేబులో వేసికొనవలెను. టెస్టరు వెలగనంత మాత్రమున కరెంటు లేదని నమ్మరాదు. టెస్టు లాంపును ముందుగా కరెంటు ఉన్నచోట వెలిగించి చూచి, పిదప పనిచోట పరీక్షించి, మరల మొదటిచోట సరిచూడవలెను. ఇన్సులేషన్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిచి, ఒక మెగోమ్ కంటె తక్కువైనచో తేమ చేరిన చోటును వెదకవలెను. మెగ్గర్ త్రిప్పునపుడు పరికరములన్నియు విడదీయుట మరువరాదు.

పాలకవర్గము వారికి మా విన్నపమొకటి. వేసవి సెలవులలో పెట్టెలన్నిటి మరలు బిగింపించి, ప్రతి పెట్టె వద్ద ఒక పుస్తకము వ్రేలాడదీయింపుడు. ఫ్యూజు ఏ తేదీన, ఏ వేళ, ఏ ఫేజున పోయినదో మార్చినవారే అందు వ్రాయవలెను. వాన పడిన రాత్రులలోనే పోవుచున్నదా, హీటర్లు వేయు ఉదయపు వేళనా అనునది రెండు మాసములలో ఆ పుటలే చెప్పును.